మంత్రగత్తెల వేటలో పూర్వీకుల జాడ: వెతకవలసిన తీరు

అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్‌లో మూలాలున్న కుటుంబాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: మా వంశంలో ఒకామెను మంత్రగత్తె అని సేలంలో కాల్చి చంపారట. ఈ మాటలో ఒక పొరపాటు వెంటనే కనబడుతుంది. 1692లో మసాచుసెట్స్ వలసలోని సేలంలో జరిగిన మంత్రగత్తెల విచారణల్లో ఎవరినీ కాల్చలేదు. 19 మందిని ఉరి తీశారు. నేరం చేశావా లేదా అన్న ప్రశ్నకు జవాబివ్వడానికి నిరాకరించిన గైల్స్ కోరీ అనే వృద్ధుణ్ణి ఛాతీ మీద బండలు పేర్చి చంపారు. కనీసం మరో అయిదుగురు చెరసాలలోనే ప్రాణాలు విడిచారు. అలాగని ఆ కుటుంబ కథను కొట్టిపారేయకూడదు. నోటి మాటగా మూడు వందల ఏళ్లు ప్రయాణించిన కథలో శిక్ష మారిపోవచ్చు, ఊరు మారిపోవచ్చు, అత్త అమ్మమ్మ కావచ్చు, కానీ అసలు సంగతి నిజమే అయి ఉండవచ్చు. కాబట్టి విన్నది విన్నట్టుగా రాసుకోండి, ఎవరు చెప్పారో, వారికి ఎవరు చెప్పారో కూడా రాసి తేదీ వేయండి. ఆ కాగితాన్ని పక్కన పెట్టి, ఆధారపత్రాల పని మొదలుపెట్టండి.

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒక్కటే: మీ నుంచి వెనక్కి వెళ్లాలి, ప్రసిద్ధమైన పేరు నుంచి ముందుకు రాకూడదు. సేలంలో ఉరి తీసిన రెబెకా నర్స్ పేరు చదివి, మీ ఇంటిపేరు కూడా నర్స్ కాబట్టి ఆమె దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతూ వస్తే, ఎక్కడో ఒకచోట పేరు కలిసిన ఎవరో ఒకరిని మీ ముత్తాతగా అతికించుకోవడం దాదాపు తప్పదు. మీ పుట్టిన పత్రం, మీ తల్లిదండ్రుల పెళ్లి పత్రం, తాతల జనాభా లెక్కల నమోదులు, వారి ముందు తరం వీలునామాలు, చర్చి పుస్తకాలు, ఇలా ఒక్కో మెట్టూ దిగాలి. ప్రతి మెట్టులోనూ ఈ బిడ్డ ఈ తల్లిదండ్రుల బిడ్డే అని చెప్పే పత్రం కనీసం ఒకటి చేతిలో ఉండాలి. 1692 నుంచి నేటికి దాదాపు పదకొండు తరాలు. పదకొండో తరంలో మీ వంశవృక్షంలో 2,048 స్థానాలు ఉంటాయి. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగినచోట ఒకే మనిషి రెండు మూడు స్థానాల్లో కనిపిస్తారు కనుక అసలు మనుషులు అంతకంటే తక్కువ. ఇన్ని దారుల్లో ఒకటైనా సేలం ప్రాంతానికి చేరడం వింత కాదు. అది ఏ దారి అన్నది తేల్చడమే కష్టం.

ఇంటిపేర్ల దగ్గర ఎంత ఓపిక పట్టినా తక్కువే. సేలంలో మొదట ఉరికంబమెక్కిన బ్రిడ్జెట్ బిషప్ సంగతి చూడండి. 1692 జూన్ 10న ఆమెను ఉరి తీసేనాటికి ఆమె ఎడ్వర్డ్ బిషప్ అనే రంపపు పనివాడి భార్య. అంతకు ముందు 1680లో ఇదే నేరం ఆమె మీద మోపినప్పుడు పత్రాల్లో ఆమె పేరు బ్రిడ్జెట్ ఆలివర్, ఎందుకంటే అప్పటికి ఆమె థామస్ ఆలివర్ విధవ. ఆలివర్ కంటే ముందు ఇంకొక భర్త ఉండేవాడు. అంటే ఒకే స్త్రీ మూడు ఇంటిపేర్లతో దస్తావేజుల్లో ఉంది. ఇది చాలదన్నట్టు, అదే రోజుల్లో సేలం గ్రామంలో మరొక ఎడ్వర్డ్ బిషప్, అతని భార్య సారా ఉండేవారు. సారా మీద కూడా ఆరోపణ వచ్చింది. ఆ దంపతులు సత్రం నడిపేవారు. చాలాకాలం పాటు చరిత్ర పుస్తకాలు ఈ ఇద్దరు స్త్రీలను కలిపేసి, బ్రిడ్జెట్‌ను సత్రం నడిపిన మనిషిగా చూపించాయి. 20వ శతాబ్దం చివరి భాగంలో వంశావళి పరిశోధకులు పత్రాలను మళ్లీ చదివి, ఇద్దరినీ విడదీశారు. పండితులే అంతకాలం పొరబడినచోట, అంతర్జాలంలో ఎవరో అల్లిన వంశవృక్షంలో ఎడ్వర్డ్ బిషప్ పేరు కనబడగానే నమ్మేయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

పేర్లలో ఇంకో చిక్కు కూడా ఉంది, అది గుమాస్తా చేతి నుంచి వస్తుంది. సారా గుడ్ అనే పేద స్త్రీకి నాలుగైదేళ్ల కూతురు ఉండేది. ఆ పసిపాపను కూడా మంత్రగత్తె అని అరెస్టు చేశారు. అరెస్టు వారెంటులో ఆమె పేరు డోర్కస్ అని పడింది, అసలు పేరు డొరొతీ. ఈ ఒక్క తప్పు వల్ల శతాబ్దాల తరబడి ఆ పాప చరిత్రలో తనది కాని పేరుతో ఉండిపోయింది. అందుచేత ఒకే పత్రంలోని పేరును చూసి ఆగకుండా, అదే మనిషి గురించి ఉన్న మిగతా కాగితాలన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. స్పెల్లింగు విషయంలో ఆ కాలంలో స్థిరమైన పద్ధతి లేదు. ఈస్టీ అన్న ఇంటిపేరు ఎస్టీ అనీ, నర్స్ అన్నది నౌర్స్ అనీ కనబడతాయి. వెతికేటప్పుడు పేరును ఎన్ని విధాలుగా పలకవచ్చో అన్ని విధాలుగానూ రాసుకుని, ఒక్కొక్కటీ వెతకండి. స్కాట్లండ్‌లో మాత్రం ఈ పని కొంత తేలిక. అక్కడ పెళ్లయిన స్త్రీలను కూడా రికార్డుల్లో పుట్టింటి పేరుతోనే రాసేవారు.

తేదీల సంగతీ ఇలాంటిదే. ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ 1752 వరకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. సేలంలో సారా గుడ్, సారా ఆస్బోర్న్, టిటూబా అనే ముగ్గురి మీద తొలి వారెంట్లు జారీ అయిన ఫిబ్రవరి 29, ఆనాటి లెక్కలో ఇంకా 1691వ సంవత్సరమే, మన లెక్కలో 1692. అందుకే పరిశోధకులు ఇలాంటి తేదీలను 1691/92 అని జంటగా రాస్తారు. మీరూ అలాగే రాయండి. లేకపోతే తల్లి చనిపోయిన ఏడాది తరవాత బిడ్డ పుట్టినట్టు, పెళ్లికి ముందే కాన్పు అయినట్టు లెక్కలు తేలి, ఉన్న బంధుత్వాన్ని లేదనుకుంటారు. స్కాట్లండ్ 1600లోనే జనవరి 1ని సంవత్సరాదిగా స్వీకరించింది కాబట్టి ఆ తరవాతి అక్కడి కాగితాలకు ఈ సవరణ అవసరం లేదు.

ఇక పత్రాలు ఎక్కడున్నాయి అన్న ప్రశ్న. ఇది దేశాన్ని బట్టి మారుతుంది, అదృష్టాన్ని బట్టి కూడా మారుతుంది.

సేలం విషయంలో మిగిలిన పత్రాలు చాలా ఎక్కువ. విచారణ జరిపిన ప్రత్యేక న్యాయస్థానపు అధికారిక రికార్డు పుస్తకం పోయింది గానీ, వారెంట్లు, నిందితులను ప్రశ్నించినప్పుడు రాసిన కాగితాలు, సాక్షుల వాంగ్మూలాలు, నేరారోపణ పత్రాలు వందల సంఖ్యలో నిలిచాయి. వర్జీనియా విశ్వవిద్యాలయం వారి డిజిటల్ సంచయంలో వీటి పాఠాలు, చాలావాటి చిత్రాలు ఉచితంగా చూడవచ్చు. 2009లో చరిత్రకారుడు బెర్నార్డ్ రోజెంతాల్ సంపాదకత్వంలో ఈ పత్రాలన్నీ తేదీల వరుసలో ఒకే సంపుటంగా వచ్చాయి. పాత ముద్రణల్లోని ఎన్నో తప్పులు అందులో సవరించారు, కాబట్టి ఉటంకించేటప్పుడు దానినే వాడటం మంచిది. ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోవాలి: ఆనాటి సేలం గ్రామం నేటి సేలం నగరం కాదు. ఆరోపణలు పుట్టిన ఆ గ్రామం ఇప్పటి డాన్వర్స్. ఆరోపణకు గురైనవారిలో అందరికంటే ఎక్కువమంది ఆండోవర్ వాసులు. మీ దారి సేలంకు చేరకుండా ఆండోవర్‌లోనో టాప్స్‌ఫీల్డ్‌లోనో ఆగిపోతే నిరుత్సాహపడకండి, అక్కడే దొరకవచ్చు.

సేలం పేరు ఎంత పెద్దదంటే, దాని నీడలో పక్కనున్న మరో వలస కనెక్టికట్‌ను అందరూ మరిచిపోతారు. వలసల్లో ఈ నేరానికి మొదట ఉరి తీసినది విండ్సర్ ఊరి ఆల్స్ యంగ్‌ను, 1647 మే 26న, హార్ట్‌ఫర్డ్‌లో. అంటే సేలం కంటే 45 ఏళ్ల ముందు. కనెక్టికట్‌లో మొత్తం 11 మందిని చంపారు. ఆ కేసుల కాగితాలు సేలం కాగితాలంత దట్టంగా లేవు. అక్కడ పని ఎక్కువగా ఆస్తి పత్రాలు, వీలునామాలు, చర్చి నమోదుల మీద ఆధారపడి సాగుతుంది.

స్కాట్లండ్‌లో 1563 చట్టం మొదలు 1736లో దాని రద్దు వరకు జరిగిన కేసులను ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక డేటాబేస్‌గా కూర్చి 2003లో అందరికీ అందుబాటులో ఉంచారు. అందులో 3,837 మంది నిందితుల ప్రస్తావన ఉంది, వారిలో 3,212 మందికి మాత్రమే పేరు దొరికింది. మిగతావారు ఆ కాగితాల్లో పేరైనా లేకుండా మిగిలిపోయారు. నూటికి ఎనభై నాలుగు మంది స్త్రీలు. ఈ డేటాబేస్‌లో ఒక పేరు దొరికినంత మాత్రాన ఆ మనిషికి మరణశిక్ష పడిందని రాయకండి. చాలా కేసుల్లో మిగిలింది విచారణకు అనుమతిస్తూ రాజు సలహా మండలి అయిన ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన ఆదేశం మాత్రమే, తరవాత ఏమయిందో ఎక్కడా లేదు. పేరు పట్టుకున్నాక ఆ ఊరి చర్చి పెద్దల సభ నిర్వహించిన పుస్తకాలను తెరవాలి. కర్క్ సెషన్ మినిట్స్ అనే ఈ పుస్తకాలు ఇప్పుడు స్కాట్లండ్ జాతీయ రికార్డుల సంస్థ వారి వెబ్‌సైటులో పుట తరవాత పుటగా చూడవచ్చు. వాటికి పేర్ల సూచిక పూర్తిగా లేదు కనుక కూర్చుని చదవాల్సిందే. కానీ పొరుగింటి ఆవు పాలు ఇవ్వడం మానేయడం, వీధిలో తిట్టిన తిట్టు, ఒక ముంత పిండి అప్పు అడిగితే ఇవ్వకపోవడం, ఇవన్నీ నేరంగా ఎలా మారాయో కనిపించేది ఆ పుటల్లోనే.

ఇంగ్లండులో పారిష్ రిజిస్టర్లు, అంటే చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు నమోదు చేసిన పుస్తకాలు, 1538 నుంచి మొదలవుతాయి. అయితే మాథ్యూ హాప్కిన్స్ తూర్పు జిల్లాల్లో ఊరూరా తిరిగి మనుషులను పట్టించిన 1645-47 కాలం సరిగ్గా అంతర్యుద్ధ కాలం, చాలా రిజిస్టర్లలో ఖాళీలున్నవి ఆ ఏళ్లలోనే. సంచార న్యాయస్థానాల నేరారోపణ పత్రాలు ఎసెక్స్, కెంట్, సర్రే, ససెక్స్, హెర్ట్‌ఫర్డ్‌షైర్ ప్రాంతాలకు 1559 నుంచి మిగిలాయి, లండన్‌లోని క్యూ దగ్గర జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అవి లాటిన్‌లో ఉంటాయి గానీ వాక్యాలు మూసలో పోసినట్టు ఒకేలా ఉంటాయి కాబట్టి నాలుగైదు చదివేసరికి పట్టు దొరుకుతుంది. 1612లో లాంకాస్టర్‌లో జరిగిన పెండిల్ ప్రాంతపు మంత్రగత్తెల కేసుకు మాత్రం న్యాయస్థానపు గుమాస్తా థామస్ పాట్స్ మరుసటి ఏడాదే ప్రచురించిన వివరమైన కథనం ఉంది. అందులో తొమ్మిదేళ్ల జెనెట్ డివైస్ బల్లమీద నిలబడి తన తల్లికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన ఘట్టం చదివి, మనసు కలత చెందకుండా పుట తిప్పడం సాధ్యం కాదు. అయినా అది న్యాయమూర్తుల మెప్పు కోసం తీర్చిదిద్దిన రచన అని మరవకండి.

జర్మన్ ప్రాంతాల్లో మరణాలు అన్నిచోట్లకంటే ఎక్కువ, దారి కూడా అన్నిచోట్లకంటే కష్టం. ముప్ఫై ఏళ్ల యుద్ధంలో, అంటే 1618-1648 మధ్య, ఎన్నో చర్చి పుస్తకాలు నాశనమయ్యాయి. ఎక్కడ వెతకాలో నిర్ణయించేది నేటి రాష్ట్రం కాదు, ఆనాడు ఆ ఊరు ఏ బిషప్ కింద, ఏ ప్రభువు కింద ఉండేదో అది. 1935-44 మధ్య నాజీ అధికారి హిమ్లర్ ఆదేశం మీద ఒక బృందం దాదాపు 33,000 కార్డులలో ఈ కేసుల వివరాలు ఎక్కించింది, ఆ కార్డులు పోలండ్‌లోని పోజ్నాన్‌లో మిగిలాయి. దురుద్దేశంతో, తొందరలో, తప్పులతో చేసిన పని అది. అసలు పత్రం ఏ ఊళ్లో ఉందో తెలుసుకునే సూచనగా వాడుకోవచ్చు, సాక్ష్యంగా వాడకూడదు. ఉత్తరాన నార్వేలో ఫిన్‌మార్క్ ప్రాంతపు న్యాయస్థాన పుస్తకాలు బాగా నిలిచాయి, అక్కడ చనిపోయిన 91 మందికి 2011లో వార్డోలో స్మారకం వెలిసింది. ఒక్కొక్కరి మీద మోపిన నేరం, పడిన శిక్ష ఆ గోడల మీదే చదవవచ్చు.

పత్రం దొరికాక దాన్ని చదవడం వేరే విద్య. నేరం ఒప్పుకున్న వాంగ్మూలం మీ పూర్వీకురాలి పేరుతో కనబడితే, అందులోని మాటలు ఆమెవి అనుకోకండి. జర్మనీలోని బాంబెర్గ్ నగర మేయరు యోహానెస్ యూనియస్ కేసు దీనికి అందరూ చదవవలసిన ఉదాహరణ. 1628లో ఆయనను పట్టుకుని హింసించారు. అధికారిక రికార్డు ప్రకారం ఆయన దయ్యంతో ఒప్పందం చేసుకున్నట్టు, సమావేశాలకు వెళ్లినట్టు వరుసగా ఒప్పుకున్నారు. అదే ఏడాది జులై 24న ఆయన కూతురు వెరోనికాకు చాటుగా రాసిన ఉత్తరం కూడా మిగిలింది. బొటనవేళ్లను మరలలో బిగించి నలగగొట్టగా పనికిరాకుండా పోయిన చేతులతో రాశారు దాన్ని. తాను నిర్దోషిగా వచ్చాననీ, నిర్దోషిగా చిత్రహింస పడ్డాననీ, నిర్దోషిగానే చావాలనీ, ఏదో ఒకటి కల్పించి చెప్పకపోతే హింస ఆగదని తలారే తనను బతిమాలాడనీ అందులో ఉంది. ఒకే మనిషి గురించి ఒకే నెలలో పుట్టిన రెండు కాగితాలు ఇవి. ఇటువంటి ఉత్తరం మీకు దొరకకపోవచ్చు, కానీ ఆ మొదటి కాగితాన్ని చదివే ప్రతిసారీ రెండోది లేని లోటు గుర్తుండాలి. సేలంలో మరో రకమైన ఒత్తిడి పని చేసింది. అక్కడ ఒప్పుకున్నవారికి ఉరి తప్పేది, ఒప్పుకోనివారిని చంపేవారు. అందుకే అక్కడి ఒప్పుకోళ్లు అన్ని ఉన్నాయి.

మీ పూర్వీకుల పేరు కేసులో ఏ వైపున ఉంటుందో ముందే నిర్ణయించుకోవద్దు. నిందితురాలి వారసులమని చెప్పుకోవాలన్న ఆశ అందరికీ ఉంటుంది. అయితే ప్రతి కేసు చుట్టూ ఆరోపించినవారు, సాక్షులు, జ్యూరీ సభ్యులు, కానిస్టేబుళ్లు, జైలరు, న్యాయమూర్తులు ఉన్నారు. సంఖ్యలో వారే ఎక్కువ కనుక మీ పూర్వీకులు వారిలో ఉండే అవకాశమూ ఎక్కువ. రచయిత నథానియేల్ హాథార్న్ సేలం విచారణాధికారుల్లో ఒకరైన జాన్ హాథార్న్ వంశంవాడు. న్యాయమూర్తి శామ్యూల్ స్యూవల్ 1697లో చర్చిలో అందరి ముందూ నిలబడి తన తప్పును ఒప్పుకున్నాడు. ఆరోపణలు చేసిన పిల్లల్లో ఒకతె అయిన ఆన్ పుట్నమ్ 1706లో అదే పని చేసింది. ఇవి కూడా వంశచరిత్రే. అలాగే కోర్టుకు ఎదురు నిలిచినవారూ ఉన్నారు. రెబెకా నర్స్ మంచి మనిషి అని చెబుతూ 39 మంది పొరుగువారు సంతకాలు చేసిన విన్నపం నేటికీ ఉంది. 71 ఏళ్ల ఆమెను జ్యూరీ మొదట నిర్దోషి అని చెప్పి, మళ్లీ ఆలోచించమని కోర్టు అడిగాక దోషి అంది. తనను అడిగిన ప్రశ్న చెవికి సరిగా ఆనక జవాబివ్వలేదని ఆమె తరవాత వివరించింది. ఆ వాతావరణంలో ఆ విన్నపం మీద పేరు పెట్టడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఊహించండి. నా దృష్టిలో ఆ జాబితాలో మీ పూర్వీకుడి సంతకం దొరకడం కంటే గొప్ప సంగతి మరొకటి లేదు.

వంశావళి పనికి అన్నిటికంటే ఉపయోగపడేవి, నిజానికి, విచారణ కాగితాలు కావు, తరవాతి నష్టపరిహార కాగితాలు. 1710లో బాధిత కుటుంబాలు మసాచుసెట్స్ ప్రభుత్వానికి అర్జీలు పెట్టుకున్నాయి. 1711లో 578 పౌండ్ల 12 షిల్లింగుల పరిహారం మంజూరైంది. ఈ అర్జీల్లో భర్త, కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు పేరుపేరునా కనిపిస్తారు. జైల్లో తిండికి ఎంత ఖర్చయింది, ఎన్ని వారాలు ఉన్నారు అన్న లెక్కలు రాసి ఉంటాయి. డొరొతీ తండ్రి విలియం గుడ్ అర్జీ అందులో ఒకటి. భార్యను ఉరి తీశారనీ, చంటిబిడ్డ జైల్లో చనిపోయిందనీ, నాలుగైదేళ్ల పాపను ఏడెనిమిది నెలలు గొలుసులతో బంధించి ఉంచడం వల్ల ఆమెకు మతి స్థిమితం లేకుండా పోయిందనీ ఆయన రాశాడు. ఆయనకు 30 పౌండ్లు వచ్చాయి. ఒక తరం నుంచి ఇంకో తరానికి లంకె కుదరక మీ పని ఆగిపోయినప్పుడు ఈ అర్జీలను ముందుగా చూడండి.

డీఎన్ఏ పరీక్ష గురించి తరచు అడుగుతారు కాబట్టి చెప్పాలి. పది పదకొండు తరాల వెనుక ఉన్న ఒకానొక పూర్వీకురాలి నుంచి మీకు ఏ తునకా రాకపోయి ఉండటం చాలా మామూలు విషయం. కాబట్టి మామూలు పరీక్ష అవునని చెప్పినా కాదని చెప్పినా దాన్ని రుజువుగా తీసుకోలేము. తల్లి నుంచే బిడ్డలకు వచ్చి, కూతుళ్ల ద్వారా మాత్రమే తరవాతి తరానికి సాగే మైటోకాండ్రియా డీఎన్ఏ ఒక్కటే, ఆ గొలుసు ఎక్కడా తెగకుండా స్త్రీల ద్వారానే వచ్చినప్పుడు, పత్రాలు చెప్పినదానికి బలం ఇవ్వగలదు.

చివరగా, దొరికినదాన్ని ఏం చేయాలి. వారసులు లేనివారి మాట ఎవరెత్తుతారు అన్న ప్రశ్నకు ఎలిజబెత్ జాన్సన్ కథ జవాబు. సేలం కేసుల్లో 1693లో ఆమెకు మరణశిక్ష పడింది, అమలు కాలేదు. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. 1711లోనూ, 1957లోనూ, 2001లోనూ మసాచుసెట్స్ చట్టసభ ఇతరుల పేర్లు తొలగించినప్పుడు ఆమె పేరు నేరస్థుల జాబితాలోనే ఉండిపోయింది. చివరికి నార్త్ ఆండోవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు, వారి ఉపాధ్యాయురాలు పత్రాలు సేకరించి పట్టుబట్టగా 2022లో ఆమె నిర్దోషి అయింది. మరుసటి ఏడాది కనెక్టికట్ చట్టసభ కూడా తమ వలసలో శిక్ష పడినవారిని నిర్దోషులుగా తీర్మానించింది, దాని వెనుక వారసుల కృషి ఉంది. మీరు కనుక్కున్న పేరు ఇలాంటి జాబితాలో లేకపోతే, అసలు పత్రం ఏ ఆర్కైవ్‌లో ఏ నంబరు కింద ఉందో, దాని పాఠం అక్షరం మార్చకుండా, పక్కన దాని అర్థం, మీ తరాల వరుసలో ఒక్కో మెట్టుకూ ఉన్న ఆధారం, రుజువు కానిచోట రుజువు కాలేదన్న మాట, ఇవన్నీ ఒకే కట్టగా రాసి ఆ ప్రాంతపు చరిత్ర సంఘానికి ఒక ప్రతి ఇవ్వండి. ఆరోపించినవారి పేర్లు, వారు మీ వంశంవారే అయినా, అందులో నుంచి తీసేయకండి.